కొండమీది గెస్ట్‌హౌస్‌లో నాలుగు రోజులు: చుట్టుపక్కల ఏది, ఏ వేళ చూడాలి?

ప్రశ్న

వచ్చే నెలలో నేను, నా భార్య, తొమ్మిదేళ్ల మా అబ్బాయి, 64 ఏళ్ల మా అమ్మ కలిసి ఒక కొండపల్లెలోని గెస్ట్‌హౌస్‌లో నాలుగు రాత్రులు ఉండబోతున్నాం. గెస్ట్‌హౌస్ సముద్రమట్టానికి 1,400 మీటర్ల ఎత్తున, వాలుకు సరిగ్గా నడుమన ఉంది. గది ఖాయం చేసుకున్నాక అక్కడివారు చూడదగిన చోట్లంటూ పదకొండు పేర్ల పట్టిక ఒకటి పంపారు. అందులో ముఖ్యమైనవి మూడు. మొదటిది గెస్ట్‌హౌస్ వెనుకనుంచి అయిదు కిలోమీటర్ల కాలిబాటన చేరే 1,950 మీటర్ల శిఖరం. రెండోది నాలుగు కిలోమీటర్ల దూరంలో, లోయలోకి 350 మీటర్లు దిగితే వచ్చే జలపాతం. మూడోది దాదాపు చదునైన దారిలో ఏడు కిలోమీటర్ల దూరాన ఉన్న సరస్సు. మిగిలినవన్నీ వ్యూపాయింట్లే, ఒక్కొక్కటీ అరగంట నడక అని రాశారు.

మా అమ్మకు రోజూ గంటసేపు నడిచే అలవాటుంది, మోకాళ్ల నొప్పి పెద్దగా లేదు, కానీ కొండ ఎక్కిన అనుభవం మాత్రం మా నలుగురిలో ఎవరికీ లేదు. పదకొండూ చూడాలన్న పట్టుదల మాకు లేకపోయినా అంత దూరం వెళ్లి తెలియక మంచివి వదిలేసి వచ్చామన్న బాధ మిగలకూడదని ఉంది. జలపాతం తక్కువ దూరమే కనుక దిగిన రోజు మధ్యాహ్నమే అది చూసేసి, శిఖరాన్ని చివరి రోజుకు ఉంచుకుందామని అనుకుంటున్నాం. ఈ వరుస సరైనదేనా? దారి చూపే మనిషిని వెంట తీసుకెళ్లడం తప్పనిసరా? పట్టికలో లేనివి, మేము గమనించవలసినవి ఏమైనా ఉంటే అవి కూడా చెప్పగలరు.

మొదటి సమాధానం

మీరు అనుకున్న వరుసను పూర్తిగా తిరగెయ్యమని నా సలహా. కొండల్లో దూరాన్ని కిలోమీటర్లలో కొలిస్తే మోసపోతాం. ఎంత ఎత్తు ఎక్కుతున్నాం, ఆ ఎక్కడం నడక మొదట్లో వస్తుందా చివర్లో వస్తుందా అన్నవే అసలు లెక్కలు.

స్కాట్లాండ్‌కు చెందిన పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన లెక్క ఒకటి ఇప్పటికీ వాడుకలో ఉంది. ప్రతి అయిదు కిలోమీటర్లకూ ఒక గంట, దానిపైన ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకూ మరో గంట కలుపుకోవాలి. మీ శిఖరానికి అయిదు కిలోమీటర్లకు గంట, 550 మీటర్ల ఎక్కుడుకు 55 నిమిషాలు, మొత్తం రెండు గంటలకు కాస్త తక్కువ పడుతుంది. అయితే ఇది ఆరోగ్యవంతుడైన నడకరి ఎక్కడా ఆగకుండా నడిస్తే పట్టే సమయం. పిల్లవాడు, పెద్దావిడ వెంట ఉన్నప్పుడు నేనైతే దానికి ఒకటిన్నర రెట్లు వేసుకుంటాను, అంటే ఎక్కడానికే మూడు గంటలు. దిగడం తేలికని చాలామంది అనుకుంటారు గానీ, వాలు నిటారుగా ఉన్నచోట ప్రతి 300 మీటర్ల దిగుడుకూ పది నిమిషాలు అదనంగా కలపాలని తర్వాతివారు నైస్మిత్ లెక్కను సవరించారు. ఆ ప్రకారం దిగడానికి రెండు గంటలు, శిఖరం మీద ఒక గంట కలుపుకుంటే మొత్తం ఆరు గంటలు. ఉదయం ఆరింటికి బయలుదేరితే మధ్యాహ్నం పన్నెండుకు తిరిగి గదిలో ఉంటారు. పది గంటలకు బయలుదేరితే అదే నడక సాయంత్రం నాలుగు వరకు సాగుతుంది, మధ్యాహ్నపు మబ్బులన్నీ మీ నెత్తిమీదే ఉంటాయి.

ఇక జలపాతం సంగతి. పేరుకు ఇది చిన్న నడకే గానీ మీ పట్టికలో జాగ్రత్తగా ఉండవలసింది ఇదే. గెస్ట్‌హౌస్ వాలు నడుమన ఉంది కనుక వెళ్లేటప్పుడంతా దిగుడే, కాళ్లు వాటంతట అవే సాగిపోతాయి. ఒంట్లో సత్తువ, సీసాలో నీళ్లు, పిల్లవాడి ఉత్సాహం అన్నీ తగ్గిన తర్వాత ఆ 350 మీటర్లు ఎక్కి రావాలి. శిఖరానికి వెళ్లేవాడు అలసిపోతే ఏ క్షణంలోనైనా వెనక్కి తిరగవచ్చు, దిగుడు అతనికి సాయపడుతుంది. లోయలోకి దిగినవాడికి ఆ వెసులుబాటు లేదు. నేను ఒకసారి మా నాన్నగారిని ఇలాగే మధ్యాహ్నం రెండు గంటలకు ఒక జలపాతానికి తీసుకెళ్లాను. దిగడానికి ముప్పావుగంట పట్టింది. తిరిగి ఎక్కేటప్పుడు ఆయన ప్రతి ఇరవై అడుగులకూ ఒక రాతిమీద చెయ్యి ఆనించి నిలబడేవారు, ఏమీ అనేవారు కాదు, నాతో చూపు కూడా కలిపేవారు కాదు. గెస్ట్‌హౌస్ దీపాలు కనబడేసరికి పూర్తిగా చీకటి పడింది, మా ఇద్దరి దగ్గరా ఉన్నది ఒక్క ఫోన్ వెలుగే. ఆ రోజు నుంచి, అరగంట నడకకైనా సరే, తలకు కట్టుకునే టార్చి సంచిలో లేకుండా నేను కొండదారి పట్టలేదు.

కనుక దిగిన రోజున పెద్ద నడక ఏదీ పెట్టుకోకండి. రెండో రోజు తెల్లవారుజామున శిఖరానికి వెళ్లండి. చివరి రోజుకు వాయిదా వేస్తే ఆ రోజు మబ్బు పట్టిందంటే మరో అవకాశం ఉండదు, పైగా దిగేటప్పుడు శరీరాన్ని ఆపుతూ ఆపుతూ పనిచేసిన తొడ కండరాలు ఒకటి నుంచి మూడు రోజుల వరకు నొప్పి పెడతాయి, ఆ నొప్పితో తిరుగు ప్రయాణం చెయ్యాలి. మూడో రోజు చదునుగా ఉన్న సరస్సు దారిలో నెమ్మదిగా నడవవచ్చు, రానూ పోనూ పద్నాలుగు కిలోమీటర్లు ఎక్కువనిపిస్తే ఒకవైపు వాహనంలో వెళ్లవచ్చు. జలపాతాన్ని నాలుగో రోజు పొద్దున్నే పెట్టుకోండి, అది కూడా మీ అమ్మగారి కాళ్లు ఎలా ఉన్నాయో చూసుకున్నాకే.

శిఖరం మీ గదికన్నా 550 మీటర్లు ఎత్తు. వెయ్యి మీటర్లకు సగటున ఆరున్నర డిగ్రీల చొప్పున వేడి తగ్గుతుంది కనుక పైన మూడు నాలుగు డిగ్రీలు చల్లగా ఉంటుంది, దానికి గాలి తోడైతే చెమటతో తడిసిన ఒళ్లు ఇట్టే వణుకుతుంది. ఎక్కేటప్పుడు బరువనిపించే స్వెట్టరును గదిలో వదిలేసి వెళ్లేవారే ఎక్కువ. చలిగా ఉంది కదా అని ఎండ సంగతి మరవకండి, వెయ్యి మీటర్లకు సుమారు పది శాతం చొప్పున అతినీలలోహిత కిరణాల తీవ్రత పెరుగుతుంది. పలచని గాలి వల్ల వచ్చే తలనొప్పి, వికారం మామూలుగా 2,500 మీటర్లు దాటాకే మొదలవుతాయి కనుక మీకు ఆ చింత అక్కరలేదు.

రెండో సమాధానం

పైవారి లెక్కలతో నాకు పేచీ లేదు గానీ, నాలుగు రోజులకు మూడు లక్ష్యాలు పంచేస్తే గెస్ట్‌హౌస్ కాస్తా రాత్రి పడుకునే బస మాత్రమే అయిపోతుంది. వాలు నడుమన ఉన్న ఇల్లు అంటే పైకీ కిందికీ చూపు సాగే చోటు. వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంటే కొండ తన దినచర్యను మన కళ్లముందే నడుపుతుంది, చూడటం తెలియాలంతే.

సూర్యోదయానికి పావుగంట ముందే లేచి లోయవైపు చూడండి. రాత్రంతా వాలుమీది చల్లగాలి బరువెక్కి కిందికి జారి లోయ అడుగున నిలుస్తుంది, అందులోని తేమ మంచుగా మారుతుంది. ఆకాశం నిర్మలంగా ఉండి గాలి ఆడని రాత్రుల తర్వాత ఆ మంచు తెల్లని చెరువులా పరుచుకుని, చిన్న గుట్టలు అందులో దీవుల్లా కనిపిస్తాయి. ఎండ తగిలిన తర్వాత అది చెదిరి, పీలికలుగా విడివడి, వాలు వెంట పైకి పాకుతూ వచ్చి చివరకు మీ వరండాను కూడా కాసేపు కప్పేస్తుంది. పగలు లోయనుంచి పైకి, రాత్రి పైనుంచి లోయలోకి గాలి వీచడం కొండల నిత్యకృత్యం. నమ్మకం కలగకపోతే వంటగది పొగను గమనించండి. మధ్యాహ్నం అది ఇంటి వెనక వాలు ఎక్కుతుంది. పొద్దుగుంకిన కాసేపటికి ఒక నిమిషంపాటు ఎటూ పోనట్టు నిటారుగా నిలబడి, ఆ తర్వాత లోయవైపు ఒరుగుతుంది. మా అమ్మాయికి ఎనిమిదేళ్లప్పుడు ఆ మలుపు ఏ నిమిషాన వస్తుందో మూడు సాయంత్రాలు వరుసగా కాపు కాసి నోటుపుస్తకంలో రాసుకుంది. ఆ ప్రయాణంలో మేము ఎక్కిన శిఖరం దానికి గుర్తులేదు, పొగ మాత్రం గుర్తుంది.

పక్షుల కోసం బైనాక్యులర్ ఒకటి తీసుకెళ్లండి. ఎనిమిది రెట్లు పెంచి చూపే, 42 మిల్లీమీటర్ల అద్దం ఉన్న రకం కొత్తవారికి సరిపోతుంది. పది రెట్లది కొంటే గొప్పగా ఉంటుందనిపిస్తుంది గానీ చేతి వణుకు కూడా పది రెట్లవుతుంది. చిన్న పిట్టలు సూర్యోదయం తర్వాత మొదటి రెండు గంటల్లో చురుగ్గా తిరుగుతాయి. గద్దలు, డేగల కోసం మాత్రం పొద్దున్నే లేవనవసరం లేదు, అవి ఎండ కోసం ఎదురుచూస్తాయి. వాలు వేడెక్కి గాలి పైకి లేవడం మొదలయ్యాక, తొమ్మిదీ పది గంటల వేళ, అవి లోయలోనుంచి ఒక్కసారి కూడా రెక్క ఆడించకుండా చుట్లు తిరుగుతూ మీ కళ్ల ఎత్తుకు వచ్చి, అక్కడినుంచి ఇంకా పైకి వెళ్లిపోతాయి. గద్ద వీపును పైనుంచి చూడగలగడం కొండమీది ఇంటివారికి దక్కే భాగ్యం.

శిఖరానికి వెళ్లిన రోజు ఒక విషయం గుర్తుంచుకోండి. వీపుకు ఎండ తగులుతూ, ఎదుట లోయలో మంచు నిండి ఉంటే, ఆ మంచుమీద మీ నీడ పొడవుగా పడి, దాని తల చుట్టూ చిన్న రంగుల వలయం కనిపించవచ్చు. జర్మనీలోని బ్రాకెన్ అనే 1,141 మీటర్ల కొండ పేరుమీద దీనిని బ్రాకెన్ ఛాయ అంటారు. విచిత్రమేమంటే నలుగురు పక్కపక్కనే నిలబడినా ఎవరికి వారికి తమ తల చుట్టూనే వలయం కనిపిస్తుంది. జలపాతం దగ్గర ఇంద్రధనుస్సు కావాలన్నా ఇదే సూత్రం, సూర్యుడు మీ వెనక ఉండాలి. జలపాతం ఏ దిక్కుకు తిరిగి ఉందో అడిగి తెలుసుకుంటే పొద్దున వెళ్లాలో సాయంత్రం వెళ్లాలో అదే చెబుతుంది. ఆరు వ్యూపాయింట్లు తిరగడం కన్నా ఒకే వ్యూపాయింటుకు మూడు వేర్వేరు వేళల్లో వెళ్లడం నాకు ఎక్కువ ఇష్టం.

మూడో సమాధానం

అందాల గురించి పైన ఇద్దరూ చెప్పారు కనుక నేను పిడుగు, వాగు, దారి తప్పడం గురించి రాస్తాను. దారి చూపే మనిషి విషయం కూడా ఇందులోనే వస్తుంది.

మెరుపు కనిపించిన క్షణంనుంచి ఉరుము వినిపించేవరకు సెకన్లు లెక్కపెట్టండి. శబ్దం ఒక కిలోమీటరు రావడానికి సుమారు మూడు సెకన్లు పడుతుంది. లెక్క 30 దాటకముందే ఉరుము వినబడితే పిడుగు పదికిలోమీటర్ల లోపే ఉంది, శిఖరం మీదినుంచి, కొండ వెన్నుమీదినుంచి వెంటనే దిగిపోవాలి. ఒంటరి చెట్టు కింద నిలబడకూడదు, చివరి ఉరుము తర్వాత అరగంట గడిచేవరకు తిరిగి పైకి వెళ్లకూడదు. మధ్యాహ్నంలోపు శిఖరం దిగిపొమ్మని పైవారు చెప్పడానికి అసలు కారణం ఇదే. ఉదయపు ఎండకు వాలు వేడెక్కి, పైకి లేచిన తేమగాలి మధ్యాహ్నానికి కొండ తలమీద మబ్బుగా గూడుకడుతుంది. పది గంటలకు దూదిపింజలా కనిపించిన మబ్బు పదకొండుకు వెడల్పుకన్నా ఎత్తు ఎక్కువగా పెరిగిందంటే అక్కడినుంచే వెనక్కి తిరగండి.

వాగు మీరున్న చోటి ఆకాశాన్ని చూసి పొంగదు, ఎగువన కురిసిన వానను బట్టి పొంగుతుంది. స్వచ్ఛంగా పారుతున్న నీరు ఉన్నట్టుండి మట్టిరంగుకు తిరిగినా, ఆకులూ పుల్లలూ గుంపులుగా కొట్టుకొస్తున్నా ఫోటోలు ఆపి గట్టెక్కాలి. మంచు కరిగి వచ్చే వాగులైతే తెల్లవారుజామున తక్కువగా, మధ్యాహ్నం దాటాక ఎక్కువగా పారుతాయి. పొద్దున మోకాలి లోతులో దాటిన చోటు సాయంత్రం దాటలేకపోవచ్చు. జలపాతం మీది అంచున తడి బండలమీద అడుగు పెట్టకండి. పాచి పట్టిన రాయి చూడటానికి మామూలు రాయిలాగే ఉంటుంది. నీరు చల్లగా, తేటగా ఉన్నా కాచకుండా తాగవద్దు; తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం, 2,000 మీటర్లు దాటిన ఎత్తులో మూడు నిమిషాలు కాచాలి.

దారి చూపే మనిషి శిఖరానికి తప్పకుండా కావాలి, సరస్సుకు అక్కరలేదు. కాలిబాట స్పష్టంగా ఉన్నా మబ్బు కమ్మితే పది అడుగుల అవతల ఏమీ కనిపించదు, పశువులు తొక్కిన బాటలూ మనుషుల బాటా ఒకేలా ఉంటాయి. నేను ఒకసారి వెన్ను వెంట దిగుతూ, మబ్బులో ఒక చీలిక దగ్గర ఎడమకు తిరగవలసింది కుడికి తిరిగాను. బాట అంతకంతకూ మెత్తగా, పచ్చగా మారుతూ వచ్చింది. నలుగురూ నడిచే బాటమీద గడ్డి అంత ఒత్తుగా పెరగదన్న ఆలోచన ఇరవై నిమిషాల తర్వాత తట్టింది. ముందుకు పోతే ఏదో ఒక ఊరు రాకపోదన్న మొండితనాన్ని చంపుకుని, నడిచినంతా తిరిగి ఎక్కి, ఆ చీలిక దగ్గరకే వచ్చాను. దారి తప్పామన్న అనుమానం వస్తే చివరిసారి ఖచ్చితంగా తెలిసిన చోటుకే వెనక్కి వెళ్లాలి, అడ్డదారిన కిందికి దిగితే చాలాసార్లు వాగు లోతుల్లోకీ నిలువు చరియల మీదికీ చేరతాం.

మనిషిని మాట్లాడుకునేటప్పుడు ఎంత దూరమని అడగకండి. రోజూ ఆ వాలుమీద తిరిగేవారు తమ కాళ్ల వేగంతో చెబుతారు, వారి అరగంట మీ గంటంబావు కావచ్చు. చివరిసారి ఆ దారిన ఎప్పుడు వెళ్లారు, దారిలో వాగు దాటే చోటు ఇప్పుడెలా ఉంది, పిల్లలతో వెళ్లినవారు ఎన్ని గంటలకు తిరిగి వచ్చారు అని అడగండి. ఎన్నింటికి తిరిగి వస్తారో గెస్ట్‌హౌస్‌లో చెప్పి వెళ్లండి, మ్యాపును ముందే ఫోనులోకి దించుకోండి. ఒక్కొక్కరి మెడలో ఒక ఈల వేయండి, అబ్బాయికి మొదటిది. ఆపదలో నిమిషానికి ఆరు సార్లు ఈల వేసి, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఆరు సార్లు వెయ్యాలి. విన్నవారు నిమిషానికి మూడు సార్లు బదులు పలకాలి. ఈ సంకేతం 1894 నుంచి ఆల్ప్స్ పర్వతాల్లో వాడుకలో ఉంది, రాత్రయితే టార్చితో కూడా ఇదే లెక్క.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. జలపాతానికి దిగిన రోజే వెళ్లాలన్న ఆలోచన మానుకున్నాం. ఆ మధ్యాహ్నం వరండాలోనే ఉంటాం, రెండో రోజు ఉదయం ఆరింటికి దారి చూపే మనిషితో శిఖరానికి వెళతాం. అమ్మ సగం దారిలో అలసిపోతే నా భార్య ఆమెతో వెనక్కి వచ్చేలా ఇద్దరు మనుషులను మాట్లాడుకోవడం మంచిదనిపించింది. జలపాతం సంగతి తెలిశాక తాను రానని అమ్మ ముందే తేల్చి చెప్పింది, పొగ సంగతి విన్నాక మా అబ్బాయి ఇప్పటికే నోటుపుస్తకం సిద్ధం చేసుకున్నాడు. ఇంకొక్క సందేహం. నక్షత్రాలు చూడాలని వాడి కోరిక, కానీ మేము చేరేది పౌర్ణమి తర్వాత మూడో రోజు. వెన్నెల్లో ఏమైనా కనిపిస్తాయా?

రెండో సమాధానం ఇచ్చినవారు

నిరాశపడవలసిన పనిలేదు. పౌర్ణమినాడు చంద్రుడు సూర్యాస్తమయ వేళకే ఉదయిస్తాడు, ఆ తర్వాత రోజుకు సగటున 50 నిమిషాలు ఆలస్యమవుతాడు. మీరు చేరిన రాత్రి పొద్దుగుంకాక సుమారు రెండున్నర గంటలకు, నాలుగో రాత్రి దాదాపు అయిదు గంటలకు చంద్రోదయం అవుతుంది. మొదటి గంటంబావు సంధ్యవెలుగుకు పోయినా మొదటి రాత్రే గంటకు పైగా, చివరి రాత్రి మూడు గంటలకు పైగా మంచి చీకటి దొరుకుతుంది. తూర్పున ఎత్తైన కొండ అడ్డం ఉంటే చంద్రుడు ఇంకా ఆలస్యంగా తొంగిచూస్తాడు, ఆ ఆలస్యం మీకు లాభమే.

కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, మధ్యలో ఒక్కసారి ఫోను తెరిచినా మళ్లీ మొదటికి వస్తుంది. టార్చి అద్దానికి ఎర్ర కాగితం అంటిస్తే అవసరానికి వాడుకోవచ్చు. పక్షుల కోసం తెచ్చిన బైనాక్యులర్‌నే పాలపుంతమీద నెమ్మదిగా నడిపించమని మీ అబ్బాయికి చెప్పండి. పొగలా కనిపించేదంతా విడివిడి చుక్కలుగా విడిపోతుంది. అన్నింటికన్నా ముందు గెస్ట్‌హౌస్‌వారిని వరండా బల్బు ఆర్పమని అడగండి. అది రాత్రంతా వెలుగుతూనే ఉంటుంది, ఎవరూ అడగరు కనుక.